నలభై ఒక్క మంది యవ్వనస్తులు

తాడిలంకలో ముసలితనం అన్నది లేకుండా పోయి ఏడాది కావస్తోంది. మందూ మాకూ వల్ల కాదు. ఒక సర్క్యులరు వల్ల.

ఆ సర్క్యులరు రాకముందు తాడిలంక సీయోను సంఘంలో యవ్వనస్తుల సహవాసం అంటే తబితా, ఆమెతోపాటు మరో ఎనిమిదిమందీ. తబితకి ఇరవై మూడేళ్ళు. ఏటిగట్టు అవతల టౌనులో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని. పొద్దున్నే స్కూటీ మీద కాజ్‌వే దాటి వెళ్ళి, మధ్యాహ్నం నాలుగింటికి తిరిగొస్తుంది. ఊళ్ళో సగం మంది వేళ్ళు ఆమె చేతి సూదిపోటు తిన్నవే. ఎవరికి షుగరు ఎంతుందో వాళ్ళకంటే ముందు ఆమెకి తెలుసు.

ఆదివారం సాయంత్రం ఈ తొమ్మిదిమందీ కలిసి మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళేవారు. ఒక కీర్తన పాడి, ఒక అధ్యాయం చదివి, గోళ్ళు తీసి, బీపీ చూసి, అవసరమైతే గంజి కాచిపెట్టి వచ్చేవారు. వరదలొస్తే సంఘం పడవ తీసుకుని, పల్లపు లంకలో ఉన్న ముసలివాళ్ళని గట్టు మీదకి చేర్చేవారు. దీన్ని పరిచర్య అంటారని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. అందుకని బాగానే జరిగిపోయేది.

అప్పుడొచ్చింది సర్క్యులరు. ఏడుకాలవల సంఘాల సమాఖ్యలో 'యవ్వన బలోపేత విభాగం' అని కొత్తగా పెట్టారు. దానికి డైరెక్టరు డాక్టర్ కృపావర్ధన్ గారు. వయసు అరవై ఎనిమిది. సర్క్యులరు ఆయన సంతకంతోనే వచ్చింది:

'ప్రతి స్థానిక సంఘమునందును పెంతెకొస్తు పండుగ నాటికి నలుబది మందికి తగ్గకుండ యవ్వనస్తులు ప్రజ్వరిల్లుచుండవలెను. తగ్గిన యెడల సదరు సంఘము నిద్రాణ సంఘముగా ప్రకటింపబడి, సమీపమందలి జాగృత సంఘములో విలీనము చేయబడును.'

సమీపంలో ఉన్న జాగృత సంఘం చినపేటది. ముప్పై ఏళ్ళ కిందట హార్మోనియం ఉండాలా కీబోర్డు కొనాలా అన్న విషయం మీద తాడిలంకతో విడిపోయి వెళ్ళిన సంఘం. చినపేటలో విలీనం కావడం కన్నా గోదాట్లో విలీనం కావడం నయమని సంఘ పెద్దలు తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా అనుకున్నారు.

ఆరాధన అయ్యాక పెద్దల కమిటీ కూర్చుంది. యూత్ సెక్రటరీ కాబట్టి తబితని పిలిచారు.

"ఎంతమందున్నారమ్మా యూతు?" అన్నారు పాస్టరు ప్రసన్నబాబు గారు. ఆయనకి ముప్పై నాలుగేళ్ళు. నెమ్మదైన మనిషి. ఎవరు ఏం చెప్పినా ముందు తలూపి, తర్వాత ప్రార్థన చేసుకుంటారు.

"తొమ్మిదిమందండి అయ్యగారూ."

"మిగతా ముప్పై ఒక్కమందీ ఏరీ?" అన్నాడు బర్నబాసు.

"కొందరు హైదరాబాదులో ఉన్నారండి. కొందరు గల్ఫులో ఉన్నారు. మిగతావాళ్ళింకా పుట్టలేదండి."

బర్నబాసుకి అరవై ఒకటి. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా చెట్టుకింద బల్లేసుకుని దస్తావేజులు రాయడం ఆయన వృత్తి. సంఘంలో ఏ కాగితం కదలాలన్నా ఆయన కలం మీదుగా కదలాల్సిందే. సర్క్యులరు తీసుకుని మూడుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకుని నవ్వాడు.

"అయ్యగారూ, ఇందులో హద్దులు రాయలేదండి."

"హద్దులేంటండి?"

"పొలం దస్తావేజైతే తూర్పు ఎక్కడ, పడమర ఎక్కడ అని రాస్తాం కదండీ. ఇక్కడ యవ్వనం అన్నారు గానీ దానికి తూర్పేదో పడమరేదో రాయలేదు. హద్దుల్లేని చోట ఎంత దున్నుకుంటే అంత మనదేనండి."

ఆ సాయంత్రమే సమాఖ్యకి ఉత్తరం వెళ్ళింది. యవ్వనం ఏ వయసు మొదలుకొని ఏ వయసు వరకు అని. పది రోజుల్లో జవాబొచ్చింది. 'యవ్వనము అనునది వయస్సు కాదు, వైఖరి. స్థానిక క్షేత్ర అవసరముల దృష్ట్యా హద్దులను సంఘమే తీర్మాన పూర్వకముగా నిర్ణయించుకొనవచ్చును.'

మరుసటి ఆదివారం సంఘం మొత్తాన్నీ కూర్చోబెట్టి తీర్మానానికి పెట్టారు. చూడ్డానికి అచ్చం చేపల చెరువు వేలంపాటలా ఉంది. ఎవరో నలభై ఐదు అన్నారు. లెక్కపెడితే పదహారుమంది. యాభై ఐదన్నారు. ఇరవై ఐదుమంది తేలారు. అరవైకి ముప్పై రెండు. అక్కడ అంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. బర్నబాసు లేచి "డెబ్బై!" అన్నాడు. పెద్దలు తొమ్మిదిమందీ ఆ దెబ్బతో యవ్వనంలో పడ్డారు. మొత్తం నలభై ఒకటి. ఆడవాళ్ళు 'స్తోత్రం' అన్నారు. పాస్టరు గారు తలూపి ప్రార్థన చేశారు. తాడిలంక జాగృత సంఘమైపోయింది.

తబిత కూడా సంతోషించింది. సంఘం నిలబడింది కదా, పేర్లు ఏ పుస్తకంలో ఉంటే ఏం పోయె, ఆదివారం సాయంత్రం పని మనం చేసుకుంటాం అనుకుంది. సర్క్యులర్లు పిల్లలు పెడతాయన్న సంగతి ఆమెకి అప్పటికి తెలీదు.

నెల తిరక్కుండానే రెండోది వచ్చింది. 'యవ్వన పరిచర్యకు నాయకత్వము వహించువారికి యవ్వనమునందు ఇరువదియైదు సంవత్సరముల అనుభవము ఉండవలెను.'

"మావయ్యా, నేను పుట్టే ఇరవై మూడేళ్ళయింది కదండీ," అంది తబిత.

"అదేనమ్మా నీలో లోపం," అన్నాడు బర్నబాసు జాలిగా. "కష్టపడి పనిచేస్తావు. కాదన్ను. కానీ అనుభవం లేదు."

ఆ రోజు సెక్రటరీ పుస్తకం ఆయన చేతికి ఇచ్చేసింది. ఆయన అధ్యక్షుడయ్యాడు. సహవాసం పేరు 'నిప్పుకణికలు' అయింది. అందరికీ ఎర్ర టీషర్టులు కుట్టించారు. ముందువైపు మంట బొమ్మ, వెనకవైపు 'ఆపగలరా?' అని. బర్నబాసు పంచె మీద ఆ టీషర్టు వేసుకుని వీధిలోకి వస్తే ఆయన భార్య సలోమమ్మ అరుగు మీద కూర్చుని చూసింది.

"నలభై ఏళ్ళ కాపురంలో ఈ మనిషి పరిగెత్తడం నేను చూళ్ళేదమ్మా," అంది పక్కింటావిడతో. "ఆపడానికి ముందు కదలాలి కదా!"

మూడోది సర్క్యులరు కాదు, ఫారం. యవ్వనస్తుల నాణ్యతను కొలిచే ఫారం. స్థిరత్వానికి పది మార్కులు, క్రమం తప్పని హాజరుకి పది, శాశ్వత చిరునామాకి పది, గంభీరతకి ఇరవై. పెద్దవాళ్ళందరికీ నూటికి తొంభై దాటాయి. తబిత జట్టుకి ముప్పై కూడా రాలేదు. ఒకడికి నైట్‌షిఫ్టు, ఒకమ్మాయికి పరీక్షలు, ఇంకొకడు మూడు నెలలకోసారి పని మారతాడు. పైగా అందరూ నవ్వుతారు. గంభీరత దగ్గర తొమ్మిదిమందికీ కలిపి నాలుగు మార్కులొచ్చాయి.

"సంఘం సగటు పడిపోతోందయ్యగారూ," అన్నాడు బర్నబాసు కమిటీలో. "యూతు బలపడకుండా అడ్డం పడుతున్నది ఎవరా అని చూస్తే, ఈ కుర్రాళ్ళేనండి."

అలా యవ్వనానికి తూర్పు హద్దు కూడా పడింది. ముప్పై ఐదేళ్ళు. ఆ లోపువాళ్ళంతా బాలబాలికలని తీర్మానం. తొమ్మిదిమందినీ సండే స్కూలుకి బదిలీ చేశారు. బదిలీ పత్రాలు బర్నబాసు స్వహస్తాలతో రాశాడు. 'పై పేరుగల బాలిక సత్ప్రవర్తన కలదిగా ఉన్నది' అని తబిత కాగితం మీద ఉంది.

తీరా చూస్తే పాస్టరు గారికి ముప్పై నాలుగు. ఆయనా బాలుడే. ఆయన భార్య, సండే స్కూలు నడిపే వినీల అమ్మగారు, ఆవిడకి ముప్పై ఒకటి. దీనిమీద సమాఖ్యకి రాస్తే వివరణ వచ్చింది. 'ప్రసంగించుచున్నంత సేపు పాస్టరును పెద్దవానిగా పరిగణింపవచ్చును. ఆమేన్ పలికిన తక్షణము ఆయన తన వయో వర్గమునకు మరలవలెను.' అమ్మగారి గురించి వివరణ రాలేదు. ఆవిడ బల్లమీద పిల్లల మధ్య కూర్చునే పాఠం చెప్పడం మొదలెట్టింది.

తొమ్మిదిమంది పోయేసరికి నిప్పుకణికలు ముప్పై రెండుకి దిగాయి. మళ్ళీ చినపేట భయం. పడమటి హద్దు జరిపారు. 'దేవుడు పిలుచువరకు' అని రాశారు. ఆ తీర్మానంతో ఊళ్ళో డెబ్బై దాటినవాళ్ళంతా, కర్ర పట్టుకున్నవాళ్ళూ, మంచం దిగలేనివాళ్ళూ యవ్వనంలోకి వచ్చారు. మళ్ళీ సరిగ్గా నలభై ఒకటి. అందరికంటే పెద్ద యవ్వనస్తురాలు రూతమ్మ. ఎనభై నాలుగేళ్ళు. తుంటి విరిగి మూడేళ్ళుగా మంచం మీదే ఉంది. ఎర్ర టీషర్టు దుప్పటి మీద పరిచి వచ్చారు.

తబితకి అప్పుడు కోపం వచ్చింది. టీషర్టుకి కాదు. ఆదివారం సాయంత్రం తొమ్మిదిమందీ ఎప్పట్లా బయల్దేరబోతే బర్నబాసు గేటు దగ్గర ఆపాడు.

"పిల్లలు పెద్దవాళ్ళు తోడు లేకుండా ఇంటింటికీ తిరక్కూడదమ్మా. సమాఖ్య బాలల భద్రతా నియమం. డైరెక్టరు గారే రాశారు. పడవ దగ్గరికి అసలే వెళ్ళకూడదు. గెడలు, తెడ్లు అన్నీ యూత్ రూములో పెట్టి తాళం వేయించాను."

"మరి రూతమ్మమ్మకి షుగరు ఎవరు చూస్తారు మావయ్యా? ఆవిడకి రెండుపూటలా ఇన్సులిను ఉంది."

"చూడ్డానికేవుంది? ఆవిడ యూతు కదా. యూత్ కమిటీ చూసుకుంటుంది."

యూత్ కమిటీ చూసుకోలేదు. కమిటీలో సగం మందికే ఎవరో ఒకరు షుగరు చూడాలి. తబిత ఆ రాత్రి భోంచెయ్యకుండా నియమావళంతా చదివింది. పిల్లలు పరామర్శకి వెళ్ళకూడదని ఉంది గానీ, ఆడుకోవడానికి వెళ్ళకూడదని లేదు. మర్నాటి నుంచి రోజూ గ్లూకోమీటరు సంచిలో వేసుకుని రూతమ్మ ఇంటికి ఆడుకోవడానికి వెళ్ళేది. దారిలో బర్నబాసు కనిపిస్తే "డాక్టరాటండి" అనేది. ఆయన పక్కకి తప్పుకుని దారిచ్చేవాడు. ఆటకి నియమం లేదు మరి.

ఆగస్టులో 'యవ్వన ప్రజ్వలన శిబిరం' వచ్చింది. డైరెక్టరు గారే స్వయంగా వస్తున్నారు. పల్లపు లంకలో కొబ్బరితోటలో ఒక రోజు శిబిరం. నూటికి నూరు శాతం హాజరు ఉండాలి. ఒక్కరు తగ్గినా నిద్రాణమే.

శిబిరం ముందురోజు తబిత ల్యాబు నుంచి వస్తూ కాజ్‌వే దగ్గర స్కూటీ ఆపింది. ఎర్రనీరు వచ్చేసింది. పక్కన ముళ్ళపొదలు సగానికి మునిగి ఊగుతున్నాయి. తిన్నగా బర్నబాసు ఇంటికి వెళ్ళింది.

"మావయ్యా, పైన బాగా వానలండి. రేపు మధ్యాహ్నానికి పల్లపు లంకలోకి నీళ్ళొచ్చేస్తాయి. వాయిదా వెయ్యండి."

"తేదీ సమాఖ్య నిర్ణయించిందమ్మా. మార్చాలంటే పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజెయ్యాలి."

"గోదారి తెలియజెయ్యలేదు కదండీ."

"అదే చెబుతున్నాను. అజెండాలో వరద లేదు."

పాస్టరు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన తలూపారు. "నేను చెప్పి చూశానమ్మా. ప్రసంగంలో తప్ప నా మాట చెల్లదన్నారు."

మర్నాడు శనివారం. పొద్దున్నే నిప్పుకణికలు ట్రాక్టరెక్కి పల్లపు లంకకి వెళ్ళాయి. రూతమ్మని మంచంతో సహా ఎక్కించారు. తోట మధ్యలో కొబ్బరికాయలు రాశి పోసే ఎత్తైన దిబ్బ ఉంది. దాని మీద షామియానా, మైకు. డాక్టర్ కృపావర్ధన్ గారు తెల్లటి సూటు మీద ఎర్ర టీషర్టు తొడుక్కుని వచ్చారు. పన్నెండింటికి చెంచాలో నిమ్మకాయ పందెం జరిగింది. మొదటి బహుమతి అరవై ఏడేళ్ళ తాతది. ఆయన పరిగెత్తలేదు. మిగతావాళ్ళు బయల్దేరలేదు. తర్వాత గోనెసంచి పందెం పెడితే నలుగురు సంచుల్లోకి దిగి పైకి రాలేకపోయారు. రూతమ్మని మంచం మీదే రెండు గజాలు ముందుకు జరిపి 'పాల్గొన్నది' అని రాసుకున్నారు.

డైరెక్టరు గారి ఉపన్యాసం 'ఉప్పొంగు యవ్వనం, ఉరకలెత్తు ప్రవాహం' అన్న అంశం మీద. ఆయన ప్రవాహం దగ్గరికి వచ్చేసరికి వెనక వరస వాళ్ళు కాళ్ళు పైకి పెట్టుకున్నారు.

ఊళ్ళో సండే స్కూలు పిల్లలకి ఆ పూట బొమ్మలకి రంగులెయ్యడం ఇచ్చారు. వరద భయంతో ఆ రోజు ల్యాబు మానేసిన తబిత గొర్రెపిల్లకి ముక్కు వేస్తుంటే పాస్టరు గారి ఫోను మోగింది. అవతల బర్నబాసు.

"అయ్యగారూ! యూత్‌లోకి నీళ్ళొచ్చేశాయండి!"

కాజ్‌వే మునిగిపోయింది. ట్రాక్టరు ఇంజనులోకి నీళ్ళెళ్ళి ఆగిపోయింది. నలభై ఒక్క మందీ, డైరెక్టరు గారూ దిబ్బ మీద నిలబడి ఉన్నారు. నీళ్ళు దిబ్బ చుట్టూ తిరిగాయి. పెరుగుతున్నాయి. టౌను నుంచి అధికారుల పడవలు రావాలంటే సాయంత్రమవుతుందని కబురు.

తబిత రంగుపెన్సిలు బల్లమీద పెట్టి లేచింది. మిగతా ఎనిమిదిమందీ లేచారు. ప్రతి ఏడూ చేసే పనే. యూత్ రూము దగ్గరికి వెళ్తే తాళం వేసుంది. తాళంచెవి దిబ్బమీద బర్నబాసు జేబులో ఉంది.

పాస్టరు గారు ఓ క్షణం తాళం వంక చూశారు. తర్వాత అరుగు పక్కనున్న బండరాయి రెండు చేతులతో ఎత్తి తెచ్చి ఒక్కటిచ్చారు. తాళం ఊడిపడింది.

"పిల్లలం కదమ్మా," అన్నారు ఆయాసపడుతూ. "పగలగొడతాం."

పడవ దిబ్బ చేరేసరికి నీళ్ళు షామియానా గుంజల దాకా వచ్చాయి. తబిత ముందు నిలబడి గెడ వేస్తోంది, పాస్టరు గారు వెనక కూర్చున్నారు. దిబ్బ మీద జనం ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నిలబడి ఉన్నారు. మధ్యలో రూతమ్మ మంచం. దాని చివర సూటు తడవకుండా పైకి లాక్కుని డాక్టర్ కృపావర్ధన్ గారు. ఆయన చేతిలో ఇంకా మైకు ఉంది.

"పిల్లలూ!" అన్నారాయన మైకులో. "మీతో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా?"

"లేరండి," అంది తబిత. "ఊళ్ళో పెద్దవాళ్ళంతా యూత్ అయిపోయారండి."

"అట్లయితే ఎక్కుటకు వీలు లేదు. పెద్దల పర్యవేక్షణ లేకుండా బాలలు జలాశయములలో సంచరించరాదు. ఏడవ నియమము, మూడవ ఉపనియమము. అది నేను వ్రాసినదే."

"నీళ్ళు పెరుగుతున్నాయండి."

"నియమము కూడ తగ్గలేదు గదా!"

దిబ్బ మీద ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. నీళ్ళు మంచం కోళ్ళని తాకాయి. తబిత వెనక్కి తిరిగి పాస్టరు గారి వంక చూసింది. పాస్టరు గారు ఆకాశం వంక చూశారు. తర్వాత పడవలో లేచి నిలబడి, గొంతు సవరించుకుని, రెండు చేతులూ పైకెత్తారు.

"ప్రియులారా!" అన్నారు. "ఈ మధ్యాహ్నం మన ధ్యానాంశం, నోవహు ఓడ."

డైరెక్టరు గారు మైకు దించారు. వివరణ కూడా ఆయన రాసిందే. ప్రసంగిస్తున్నంత సేపు పాస్టరు పెద్దవాడు. నియమం నెరవేరింది.

ముందు రూతమ్మని మంచంతో పడవలోకి దించారు. ఆమెతో నలుగురు. పాస్టరు గారు ఆపకుండా ప్రసంగించారు. గట్టు మీదకి చేరాక ఆమేన్ అనబోతే తబిత "అనకండయ్యగారూ!" అని అరిచింది. ఆయన ఆమేన్ మింగేసి, తిరుగు ప్రయాణంలో మోషే దగ్గరికి వెళ్ళారు. రెండోసారి యోనా. మూడోసారి పేతురు నీళ్ళమీద నడవడం. "ఈ పాఠభాగము సందర్భోచితము కాదు," అన్నారు డైరెక్టరు గారు దిబ్బ మీంచి. "అయితే నడిచి రండయ్యా," అని ఎవరో ఆడమనిషి అంది. ఎవరన్నారో తర్వాత విచారణలో తేలలేదు గానీ, గొంతు సలోమమ్మదిలా ఉంది.

ఎనిమిది విడతలు. గంటన్నర. పాస్టరు గారి గొంతు బొంగురుపోయింది. ఆ సంఘం ఆయన వచ్చి ఆరేళ్ళయినా అంత చెవొగ్గి ప్రసంగం వినడం అదే మొదలు.

చివరి విడతలో మిగిలింది బర్నబాసు ఒక్కడే. అందరినీ ఎక్కించేదాకా ఎక్కనన్నాడు. మోకాళ్ళ లోతు నీళ్ళల్లో నిలబడి, తడిసిన ఎర్ర టీషర్టులో వణుకుతున్నాడు. తబిత చెయ్యిచ్చి లాగింది. వెనక పాస్టరు గారు దావీదు సంగతి గుసగుసగా చెబుతున్నారు.

కొంతదూరం వచ్చాక బర్నబాసు మెల్లగా అన్నాడు: "నిన్ను తీసేసి తప్పుచేశానమ్మా."

తబిత గెడ వేస్తూనే ఉంది.

"నాకు నీ వయసున్నప్పుడు యూత్ సెక్రటరీని చెయ్యండి అని అడిగాను. చాలా చెయ్యాలని ఉండేది. పాటలు, నాటికలు, ఈ పడవ కూడా... పెద్దలు 'ఆగరా, నీ టైమొస్తుంది' అన్నారు. ఆగాను. ముప్పైలో అడిగితే అదే మాట. నలభైలో అడిగితే, 'ఇంకా యూతేంట్రా, సిగ్గులేదా' అన్నారు. ఆ మధ్యలో ఎక్కడో నా టైము వచ్చి వెళ్ళిపోయుంటది. నేను చూసుకోలేదు. సర్క్యులరు రాగానే, ఇదేనేమో అనుకున్నానమ్మా."

తబితకి నవ్వాలో తిట్టాలో తెలీలేదు. గెడ ఆయన చేతికిచ్చింది.

"వెయ్యండి మావయ్యా."

ఆయన వేశాడు. తిరిగిన చెయ్యే. నాలుగు పోట్లు బాగా వేశాడు. ఐదో పోటుకి నడుం పట్టేసింది. తబిత నవ్వేసింది. ఆయనా నవ్వాడు. గట్టు చేరేదాకా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. దావీదు గొల్యాతుని కొట్టే ఘట్టంలో ఇదేం నవ్వని పాస్టరు గారికి అర్థం కాలేదు.

సమాఖ్య ఊరుకోదు కదా. పదిహేను రోజుల్లో విచారణ నివేదిక వచ్చింది. 'వరద సమయమున అత్యంత క్రమశిక్షణతో రక్షింపబడినందుకు' నిప్పుకణికలకి ఉత్తమ యవ్వన సంఘం షీల్డు ఇచ్చారు. పిల్లలకి రంగుపెన్సిళ్ళ పెట్టెలు. పాస్టరుకి అనుమతి లేని స్థలంలో ప్రసంగించినందుకు హెచ్చరిక. చివర్న ఒక చిన్న పేరా ఉంది.

'ఒక వ్యక్తికి ఒకే హోదా అను సూత్రమును అనుసరించి, యవ్వనస్తులుగా నమోదైన తొమ్మండుగురు సంఘ పెద్దలు తమ పెద్దరికమును కోల్పోయినట్లు గుర్తింపబడినది. ఖాళీలను యవ్వనస్తులు కానివారితో తక్షణమే భర్తీ చేయవలెను. లేని యెడల సదరు సంఘము అనాథ సంఘముగా ప్రకటింపబడును.'

పుస్తకం తిరగేశారు. ఊళ్ళో యవ్వనస్తులు కానివాళ్ళెవరు? సండే స్కూలు వాళ్ళే. అందులో పాస్టరు గారినీ అమ్మగారినీ మినహాయిస్తే పాలపళ్ళు ఊడినవాళ్ళు తొమ్మిదిమంది. పెద్దలకి కనీస వయసు ఎంతో నియమావళిలో వెతికారు. బర్నబాసు కళ్ళజోడు పెట్టుకుని మూడుసార్లు చదివి, హద్దులు లేవని చెప్పాడు.

అలా తబిత ఇరవై మూడో ఏట బాల్యం లోంచి తిన్నగా పెద్దరికంలో పడింది. ప్రమాణం చేసే రోజున వాళ్ళమ్మ వాకిట్లో నిలబడి, "పెళ్ళికూడా కాకుండానే ముసలిదానివైపోయావే," అని కళ్ళొత్తుకుంది. కమిటీ గదిలో పొడుగాటి బల్లకి తొమ్మిది పాత కుర్చీలు. తబిత పెద్ద కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనలేదు.

మొదటి సమావేశానికి మొదటి అర్జీ నిప్పుకణికలదే. బర్నబాసే రాసుకొచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చోండి మావయ్యా."

"పరవాలేదమ్మా, పెద్దల ముందు..." అన్నాడు. తర్వాత అర్జీ చదివాడు. 'సదరు యవ్వనము వలన మాకు మోకాళ్ళు, నడుము, శ్వాసకోశములు దెబ్బతిన్నవి గాన, మా ముసలితనమును మాకు తిరిగి ఇప్పించవలసినదిగా ప్రార్థన.'

తొమ్మిదిమంది పెద్దలూ ఏకగ్రీవంగా ఒప్పుకుని సమాఖ్యకి పంపారు. జవాబు తిరుగుటపాలో వచ్చింది. 'యవ్వనమునకు రాజీనామా లేదు. పదవీకాలము అయిదు సంవత్సరములు. అనంతరము పునరుద్ధరణకు అవకాశము కలదు.'

సమాఖ్య చేతిలో ఉన్నది సమాఖ్య చెయ్యలేదు. తమ చేతిలో ఉన్నది తబిత చేసింది. మరమ్మతు చేయించిన తాళం తీయించి గెడలు బయట పెట్టించింది. నిమ్మకాయ పందేలు రద్దు చేసింది. యవ్వనస్తులెవరూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు మంచం దిగరాదని తీర్మానం చేయించింది. దానికి మాత్రం నలభై ఒక్క మందీ లేచి నిలబడి స్తోత్రం చెప్పారు.

ఆదివారం సాయంత్రం సంఘ పెద్దలు తొమ్మిదిమందీ, మంచాన పడ్డ యువతను పరామర్శించడానికి బయల్దేరారు. ముందు రూతమ్మ ఇల్లు. నీళ్ళు తీసేశాక గోడలకి ఇంకా చెమ్మ ఉంది. ఆవిడ ఆ ఎర్ర టీషర్టు తలకింద మడత పెట్టుకుని పడుకుంది. తబిత మంచం పట్టె మీద కూర్చుని, వేలు పట్టుకుని సూది గుచ్చి, మిషను వంక చూసింది.

"ఎంతుందే?" అంది రూతమ్మ.

"నూట అరవై, అమ్మమ్మా. బాగానే ఉంది."

"షుగరు కాదే. నా యూతింకా ఎంతుంది?"

"నాలుగేళ్ళ తొమ్మిది నెలలు."

రూతమ్మ కప్పు వంక చూస్తూ వేళ్ళమీద లెక్కేసుకుంది. ఎక్కడో తప్పిపోయి మళ్ళీ మొదలెట్టింది. చివరికి తబిత చెయ్యి పట్టుకుని, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది:

"ఈ యవ్వనం గట్టెక్కేదాకా బతుకుతానంటావా?"